పులిచింతల గేటు, టకోమా వంతెన, ఒక అరిగిపోయిన మాట

మా పల్నాట్లో వరద సీజన్ వచ్చిందంటే ఒకటే ప్రశ్న... "సాగర్ గేట్లెత్తారా?" 26 గేట్లూ ఎత్తితే మాచర్ల వైపు నుంచి బళ్ళు బారులు తీరతాయి. నురగ అందరూ చూస్తారు. ఆ నీళ్ళు గేటుని ఏం చేస్తున్నాయో మాత్రం ఎవరికీ పట్టదు.

ప్రవాహానికి అడ్డంగా గుండ్రటి స్తంభం ఉంటే నీరు దాన్ని ఒరుసుకుంటూ కొంత పోయి విడిపోతుంది. చదరపు దిమ్మెకి ఆ చాయిస్ లేదు, అంచుల దగ్గరే విడిపోవాలి. వెనకాల ఓసారి ఎడమ, ఓసారి కుడి... సుడులు పుడుతూనే ఉంటాయి. గాలికి తీగలు చేసే మోతని కొలిచి 1878లో స్ట్రూహాల్ దీనికో లెక్క చూపాడు. 1911-12లో ఫాన్ కార్మాన్ ఆ రెండు వరసల సుడుల గణితం తేల్చాడు. మీటరు మందమున్న చదరపు స్తంభం, సెకనుకి 2 మీటర్ల ప్రవాహం అనుకోండి. ఒకే పక్కన సుడికీ సుడికీ మధ్య సుమారు 4 సెకన్లు.

గాలికైనా నీళ్ళకైనా లెక్క ఇదే. 1940 నవంబర్ 7న అమెరికాలో టకోమా వంతెన గంటకి 68 కిలోమీటర్ల గాలికే కూలిపోయింది. పక్కలకి 8 అడుగుల ఎత్తు రేకు గోడలున్న డెక్ అది. ఎందుకు కూలిందంటే మనందరం "రెజొనెన్స్" అని రాసి మార్కులు కొట్టేశాం. కానీ సుడుల లెక్క ప్రకారం సెకనుకి దాదాపు ఒక ఊపు రావాలి. వంతెన మెలితిరిగింది 5 సెకన్లకోసారి! వంతెన కదలికే గాలి బలాన్ని మార్చింది, ఆ బలం కదలికని ఇంకా పెంచింది. 1991లో బిల్లా, స్కాన్లన్ ఈ పాఠ్యపుస్తకాల పొరపాటునే ఎత్తిచూపారు. మన భాషలో చెప్పాలంటే అది టైమర్ కాదు, ఎగ్జిట్ కండిషన్ లేని రికర్షన్.

గేటుకీ ఇదే గండం. కొద్దిగా ఎత్తిన గేటు కింది అంచు దగ్గర నీరు విడిపోతుంది. గేటు కాస్త కదిలితే సందు మారుతుంది, సందు మారితే బలం మారుతుంది. 1967లో జపాన్‌లో వాచి డ్యామ్ గేటు కొట్టుకుపోవడానికి ఇలా తనని తాను పెంచుకున్న కంపనమే కారణమని అక్కడి పరిశోధకులు తర్వాత వాదించారు. అందుకే కింది అంచు పదునుగా ఉండాలనీ, గేటుని మరీ చిన్న సందుతో వదిలెయ్యొద్దనీ అంటారు.

2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. కంపనం వల్లేనని నేననడం లేదు. దాదాపు నిండిన 45 టీఎంసీల రిజర్వాయర్‌ని బాగా దించితే తప్ప స్టాప్‌లాగ్ పెట్టలేకపోయారు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు పోయినప్పుడు "డ్యామ్ పాతదైపోయింది" అనుకున్నాం. మరి పులిచింతల మొదలైంది 2013లో కదా!

"రెజొనెన్స్" లాగే "పాతదైపోయింది" కూడా ఆలోచన ఆపేసే మాటే. మన సర్వర్ కాస్త వేడెక్కితే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. రైతు ఏడాది పంటని పట్టుకుని నిలబడ్డ గేటుకి ఒక కంపన సెన్సరూ, దాని లాగ్ చదివే మనిషీ ఉండాలనడం అత్యాశ కాదు.