ఆంధ్రా మీల్స్ ఎలా ఉంది? ఉన్నదున్నట్టు చెప్పడానికి ఒక కరదీపిక

బెంగళూరులో మా తెలుగు సంఘానికి వచ్చే ఫోన్లలో చాలావాటి సారాంశం ఒక్కటే: "దగ్గర్లో మన భోజనం ఎక్కడ బాగుంటుందండీ?" అడిగేవాళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి ఇక్కడి ఆస్పత్రులకు రోగిని తీసుకొచ్చినవాళ్ళు. చదువుకో, ఉద్యోగానికో కొత్తగా దిగిన పిల్లలు. ఇంట్లో శుభకార్యం పెట్టుకుని, ఏ హోటలువాళ్ళకు వంట అప్పగించాలా అని ఆలోచించే మన పాత కుటుంబాలవాళ్ళు. చెన్నై, వేలూరు, బరంపురం, షోలాపూర్‌లలోని సంఘాలవారికీ ఈ ప్రశ్న కొత్త కాదు.

జవాబు చెప్పడం సులువే. తప్పు చెబితే మాత్రం ఎవరో ఒకరు నష్టపోతారు. ఆపరేషన్ అయిన మనిషి శుభ్రత లేనిచోట తిని మళ్ళీ ఆస్పత్రి పాలు కావచ్చు. విన్నమాట పట్టుకుని ఒక చిన్న మెస్సును చెడ్డదని ప్రచారం చేస్తే, ఆ ఇంటి పొయ్యి ఆరిపోవచ్చు.

రెండోది మా చేతుల మీదుగానే జరిగింది. కొన్నేళ్ళ కిందట ఒక సభ్యుడు ఫలానా ఆంధ్రా మెస్సులో అన్నంలో పురుగు వచ్చిందని నెలవారీ సమావేశంలో చెప్పారు. మేము విచారించకుండానే నోటీసు బోర్డు మీద పెట్టేశాం. వారం తర్వాత ఆయన జేబులోంచి బిల్లు బయటపడింది. ఆయన తిన్నది పక్క వీధిలో, ఇంచుమించు అదే పేరున్న మరో హోటల్లో. మేము పేరు పెట్టిన మెస్సును భార్యాభర్తలిద్దరే వండి వడ్డిస్తూ నడుపుతున్నారు. వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. వాళ్ళు గొడవ పడలేదు. "ముందు ఒకసారి వచ్చి మా వంటిల్లు చూసి ఉండాల్సిందండీ" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి మా సంఘంలో ఒక భోజనాల పుస్తకం పెట్టాం. అందులో రాయడానికి పెట్టుకున్న పద్ధతిని మిగతా ఊళ్ళవారికి కూడా పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాం.

మొదట మన మనసును చూసుకోవాలి

హోటలు మీద అభిప్రాయం చెడగొట్టేవి మూడు ఉన్నాయి.

ఒకటి, మనవాళ్ళ హోటలు అనే మొహమాటం. ఓనరు మన జిల్లావాడు, సంఘానికి చందా ఇస్తాడు, ఉగాదికి రాయితీలో భోజనాలు పంపుతాడు. అందుకని సాంబారు పులిసిపోయినా "బాగుంది" అంటాం. దీనివల్ల ఓనరుకు కూడా మేలు లేదు. తప్పు చెప్పేవాడు లేక అతను అలాగే కొనసాగుతాడు, తెలియని గిరాకీలు మారుమాట లేకుండా తగ్గిపోతారు.

రెండు, అమ్మ చేతి వంటతో పోలిక. ఇంట్లో నలుగురికి చేసిన పప్పునూ, హోటల్లో మూడొందల మందికి చేసిన పప్పునూ ఒకే తూకం వేయకూడదు.

మూడు, ఉచితంగా తిన్న భోజనం. ఓనరు డబ్బు తీసుకోకపోతే ఆ భోజనం మీద మా పుస్తకంలో ఏమీ రాయం. బంధుత్వం, వ్యాపార సంబంధం ఉంటే మొదటి వరుసలోనే చెప్పి రాయాలి.

"ఆంధ్రా" అంటే ఏ ప్రాంతం?

మన రాష్ట్రాల బయట "ఆంధ్రా స్టైల్" అన్న బోర్డు కింద చాలా వంటలు కలిసిపోయాయి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని బజ్జీ రాయలసీమవి. మామిడికాయ ముక్క వేసిన చేపల పులుసు నెల్లూరిది. పనసపొట్టు కూర గోదావరి జిల్లాలది. సర్వపిండి, సకినాలు తెలంగాణవి. రాయలసీమ వంటవాడి దగ్గరకు వెళ్ళి గోదావరి రుచి లేదని తప్పు పట్టడం న్యాయం కాదు. వంటవాళ్ళది ఏ వైపో అడిగి తెలుసుకుని రాస్తే చదివేవాళ్ళకు సగం విషయం అర్థమైపోతుంది.

ఉన్న ఊరి ప్రభావం కూడా తప్పు కాదు. తమిళనాడులో పొన్ని బియ్యం వాడతారు, ఇక్కడ సోనా మసూరి ఎక్కువ. గోంగూరను ఉత్తర కర్ణాటకలో పుండి అంటారు, మహారాష్ట్రలో అంబాడి అంటారు. షోలాపూర్ తెలుగువారి పళ్ళెంలో వేరుశనగ చట్నీ పొడి ఉంటుంది. బరంపురంలో డాల్మా కనిపిస్తుంది. తరాలుగా అక్కడ స్థిరపడినవారి తిండి అది. దాన్ని "కల్తీ తెలుగు వంట" అని రాయవద్దని మా మనవి.

బోర్డు మీద రాసిందీ పళ్ళెంలో పెట్టిందీ వేరైతే మాత్రం చెప్పి తీరాలి. పులస చేప సంగతే తీసుకుందాం. వర్షాకాలంలో గోదావరికి వరద నీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేప అది. ఆ రోజుల్లో యానాంలో దాని ధర ఎలా పలుకుతుందో అక్కడి మనవారిని అడిగితే చెబుతారు. సంక్రాంతి సమయంలో, మామూలు చేపల పులుసు ధరకు "తాజా పులస" అని వడ్డిస్తే, అది ఏ చేప అని మర్యాదగా అడగాలి. వచ్చిన జవాబును అలాగే రాయాలి.

రుచి గురించి రాసేటప్పుడు

"సూపర్", "వేస్ట్" అన్న మాటలు మా పుస్తకంలో నిషేధం. ఒక్కొక్క వంటకం గురించి విడిగా రాయాలి.

అన్నం: మెత్తబడిందా, పలుకుగా ఉందా, వేడిగా ఉందా. ఎన్ని గంటలకు తిన్నారో తప్పక రాయాలి. పన్నెండున్నరకు వార్చిన అన్నం, మూడు గంటలకు అడుగున మిగిలిన అన్నం ఒకటి కావు.

పప్పు: మొదటి వడ్డనలో ఉన్న చిక్కదనం మారు వడ్డనలోనూ ఉందా. రద్దీ పెరిగేకొద్దీ పప్పులో నీళ్ళు పెరిగే హోటళ్ళు ఉన్నాయి.

పొడి, నెయ్యి: బెంగళూరులో చాలామంది "గన్ పౌడర్" అనేది మన కందిపొడినే. పొడి కమ్మగా ఉందా, పాతబడి ముక్కవాసన వస్తోందా. నెయ్యి ఒక్క చుక్కేనా, అడిగితే మళ్ళీ వేస్తారా.

పచ్చడి: ఆవకాయ, గోంగూర అక్కడే చేసినవా, డబ్బాలోవా. డబ్బాలోవి పెట్టడం నేరం కాదు, ఇంట్లో చేసినవని చెప్పి పెట్టడం తప్పు.

కూర, వేపుడు: ఎరుపును చూసి కారం అనుకోకూడదు. బ్యాడగి మిరపకాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు మిరపకాయ ఘాటుకు పేరు పడింది. ఏ మిరపకాయకూ రాని మెరుపు ఎరుపు కనిపిస్తే, చెయ్యి కడిగినా రంగు పోకపోతే, ఆ విషయం రాయాలి. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో, జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించింది.

చారు, పెరుగు: చివరికొచ్చేసరికి అందరూ వదిలేసేవి ఇవే. పెరుగు పులుపు, చారు వేడి గమనిస్తే ఆ హోటలు శ్రద్ధ తెలిసిపోతుంది.

కారం గురించి ఇంకొక మాట. "కారం అదిరింది" అన్నది యువకుడికి మెచ్చుకోలు, కడుపులో పుండు ఉన్న మనిషికి హెచ్చరిక. ఆస్పత్రికి వచ్చినవాళ్ళకు కావలసింది వేరు: కారం తగ్గించి ఇస్తారా, విడిగా పప్పు, పెరుగన్నం, ఇడ్లీ దొరుకుతాయా, రాత్రి ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుంది, మెట్లు ఎక్కాలా. పుస్తకంలో ఇందుకోసం ఒక వరుస ఖాళీ ఉంచాం.

శుభ్రత: కంటితో చూసింది మాత్రమే

రుచి ఎవరి నాలుక వారిది. శుభ్రత అలా కాదు, అది ఉండటమో లేకపోవడమో. రెంటినీ కలిపి రాయకూడదు.

ప్రతి హోటలుకూ ఫుడ్ సేఫ్టీ లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉండాలి. దాని 14 అంకెల నంబరు కనిపించేలా పెట్టాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా ఉండాలి. ఇంకా చూడవలసినవి: చేతులు కడుక్కునే చోట నీళ్ళు, సబ్బు ఉన్నాయా, గ్లాసులు పారే నీళ్ళలో కడుగుతున్నారా, ఒకే బకెట్‌లో ముంచి తీస్తున్నారా, అరిటాకు తడిపి తుడిచారా, వడ్డించేవాళ్ళు డబ్బులు ముట్టుకున్న చేత్తోనే అప్పడం పెడుతున్నారా.

వేడి పదార్థాలను 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచాలి. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరిగి వాంతులు తెప్పించే విషం తయారవుతుంది. దాన్ని మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. నూనె విషయంలో 2018 జులై 1 నుంచి ఒక హద్దు ఉంది. పదేపదే కాగిన నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. ఇది కంటితో కొలిచేది కాదు. కాబట్టి "నూనె నల్లగా ఉంది, వాసన వచ్చింది" అని రాయాలే తప్ప "కల్తీ నూనె" అని రాయకూడదు.

బిల్లు చదవడం

మామూలు హోటల్లో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. బిల్లులో ఇది రెండు రెండున్నరలుగా విడిపోయి కనిపిస్తుంది. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్ళు గిరాకీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జీ వేరు, అది పన్ను కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలను సమర్థించింది. కలిపితే తీసేయమని అడగవచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అయితే వడ్డించిన పిల్లవాడి చేతిలో మన ఇష్టంకొద్దీ పది రూపాయలు పెట్టడం వేరే సంగతి, అది మన మర్యాద.

జబ్బు చేస్తే

ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. బిల్లు, మందుల చీటీ దాచుకోవాలి. అదే హోటల్లో తిన్న మిగతావాళ్ళకు ఎలా ఉందో కనుక్కోవాలి. తర్వాత ఆ ప్రాంత ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద, కొన్న పదార్థాన్ని రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు మనకు ఉంది. చట్టానికి విరుద్ధమని తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు.

ఫిర్యాదు తేలేలోగా ఫలానా హోటలు "విషం పెట్టింది" అని నలుగురికీ పంపకూడదు. అంతకు రెండు గంటల ముందు బస్టాండులో తిన్న బజ్జీ కూడా కారణం కావచ్చు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. "మా ఇద్దరికీ ఆ రాత్రి విరేచనాలయ్యాయి, పుస్తకంలో చేర్చాం, ఫిర్యాదు ఇచ్చాం" అన్న మాట వరకు జరిగింది జరిగినట్టు చెప్పడమే.

పుస్తకంలో ఎలా రాయాలి

బిల్లు లేనిదే రాయం. హోటలు పేరుతో పాటు వీధి పేరు, బిల్లు నంబరు, తేదీ, వేళ, ఎంతమంది, ఏమేం తిన్నారు, ఎంత అయింది రాయాలి. మంచి ఒకటి, లోపం ఒకటి తప్పనిసరి. "ఎవరికి పనికొస్తుంది" అన్న వరుస చివర ఉండాలి. చెడ్డ అభిప్రాయమైతే వేరొక సభ్యుడు మరో రోజు, మరో వేళ వెళ్ళి తిన్నాకే పైకి చెబుతాం. శుభ్రత లోపమైతే ముందు ఓనరుకు చెప్పి, పదిహేను రోజుల తర్వాత మళ్ళీ చూస్తాం.

నమూనా ఇలా ఉంటుంది: "మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు ఇద్దరం వెళ్ళాం. శాకాహార భోజనం రెండు. పప్పు, కందిపొడి బాగున్నాయి, నెయ్యి రెండుసార్లు వేశారు. అన్నం చల్లారింది, అడిగితే వేడిది తెచ్చారు. చేతులు కడిగే చోట సబ్బు లేదు. కూరలు కారం, పథ్యం ఉన్నవాళ్ళకు పనికిరాదు. ఆకలిగా ఉన్న కుర్రవాళ్ళకు డబ్బుకు తగిన భోజనం."

ఏడాది దాటిన అభిప్రాయాన్ని కొట్టేస్తాం. వంటవాడు మారితే హోటలు మారినట్టే.

మేము నోటీసు బోర్డెక్కించిన ఆ మెస్సు పేరు కూడా తర్వాత పుస్తకంలో చేరింది. ఇద్దరు సభ్యులు వేర్వేరు రోజుల్లో తిని రాశారు. పప్పు బాగుందని, గది ఇరుకని, ఆదివారం సెలవని. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినవాళ్ళకు ఈ మూడు ముక్కలే చదివి వినిపిస్తున్నాం. మీ ఊరి సంఘంలో కూడా ఇటువంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. రెండొందల పేజీల రూళ్ళ నోటు పుస్తకం, దారానికి కట్టిన పెన్ను చాలు.