పాదము క్రింది శ్రుతి

1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో, బంగ్లాదేశ శరణార్థుల సహాయార్థము జరిగిన సంగీతసభలో, రవిశంకర్ సితారును, అలీ అక్బర్ ఖాన్ సరోదును చేతబట్టి తంత్రులను శ్రుతికి తెచ్చుకొనుచుండగా, ఆ మేళవింపునే వాద్యముగా భావించి వేలకొలది శ్రోతలు కరతాళధ్వనులు చేసిరి. శ్రుతి చేసికొనుటయే ఇంతగా రుచించినచో ఇక వాయించునది మరింత రుచించునని రవిశంకర్ చమత్కరించిన సంగతి ఆనాటి ధ్వనిముద్రణలో నేటికిని వినవచ్చును. ఈ వృత్తాంతము చెప్పుకొని పాశ్చాత్య శ్రోతలను నవ్వుట మనలో పరిపాటి. నాకు మాత్రము ఆ శ్రోతలయెడ సానుభూతియే కలదు. వాద్యకారుడు సభామధ్యమున, అందరు వినుచుండగా, తొందరపడక శ్రుతి చేసికొనుట అనునది వారు తమ సభలలో గౌరవముతో చూచుటకు అలవాటుపడిన దృశ్యము కాదు. విద్యుద్గిటారు వాయించువారికి అది వీలైనంతలో మరుగుపరుపవలసిన పని.

మన కచేరీలలో తంబురాకు జీవాళి దారమును సవరించుట, మృదంగము మూటుపై రాతితోను పుల్లతోను కొట్టి సరిచూచుట, వైణికుడు బిరడలు త్రిప్పుట, ఇవన్నియు శ్రోతల యెదుటనే జరుగును. కీర్తనకును కీర్తనకును నడుమ మరల జరుగును. దానివలన ఎవ్వరికిని విసుగు కలుగదు. విద్యుద్గిటారునకు ఈ భాగ్యము లేకపోవుటకు హేతువు దాని పుట్టుకలోనే యున్నది. 1930ల ఆరంభమున లాస్ ఏంజిలెస్ నగరమున జార్జి బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బేకరు అనువారు అయస్కాంతముతోను తీగచుట్టతోను ఉక్కుతంత్రి కంపనమును విద్యుత్తుగా మార్చి, ఆంప్లిఫయరుద్వారా వినిపించు గిటారును సిద్ధపరచిరి. తంత్రి నాదము వందలరెట్లు పెరుగగా, ఆ తంత్రిని శ్రుతి చేయునపుడు పుట్టు వికృతనాదము కూడ అన్ని రెట్లే పెరిగినది. వీణ శ్రుతి తప్పినచో ముందువరుసవారికి తెలియును. విద్యుద్గిటారు శ్రుతి తప్పినచో వీథిలోనివారికి తెలియును.

నేడు గిటారు వాయించువాని పాదముచెంత నుండు ట్యూనరు పెడలు చరిత్ర ఈ చిక్కునుండి పుట్టినదే. దాని పూర్వులను వెదుకుచు పోయినచో మూడు శతాబ్దములు వెనుకకు పోవలసివచ్చును. 1711లో లండనునందు రాజాస్థానమున తూర్యవాదకుడైన జాన్ షోర్ రెండుకొమ్మల ఉక్కు శ్రుతిదండమును నిర్మించెను. వేసవికిని శీతకాలమునకును పెద్దగా మారని శ్రుతిని జేబులో వేసికొని తిరుగుట దానితో సాధ్యమైనది. అయితే ఏ శ్రుతిని వేసికొని తిరుగవలెనను విషయమున ఎవరి దారి వారిదే. హాండెల్‌దని చెప్పబడు 1751 నాటి దండము ‘ఏ’ స్వరమునకు సెకనుకు 422.5 కంపనముల నిచ్చును. నూరేండ్లు గడచునప్పటికి పారిసు నాటకశాలలలో అదే స్వరము 448కి ఎగబ్రాకెను. వాద్యములకు తీక్ష్ణత యెక్కినకొలది శ్రోతలు మెచ్చుచుండిరి. గాయనీగాయకుల కంఠములు మాత్రము అలసిపోవుచుండెను. తుదకు ఫ్రెంచి ప్రభుత్వమే కలుగజేసికొని, రోసీని, బెర్లియోజ్ వంటి మహామహులతో సంఘమును నియమించి, 1859లో 435ను శాసనసమ్మతమైన శ్రుతిగా ప్రకటించెను. జర్మనీలో క్రెఫెల్డు పట్టణమున పట్టు వర్తకుడైన షైబ్లరు దానికి పాతికేండ్ల ముందే, స్వల్పభేదములుగల దండములను వరుసగా పేర్చి కంపనములను లెక్కించి, 440ని సూచించియుండెను. వర్తకుని మాట నెగ్గుటకు నూరేండ్లు పైన పట్టినది: 1939లో లండను సమావేశము 440నే అంగీకరించెను. నేటి ట్యూనరు ఏదైనను పెట్టెనుండి తీసినతోడనే చూపునది ఆ 440నే.

శ్రుతిదండము ప్రమాణమును మాత్రమే ఇచ్చును; తంత్రి దానితో కలిసినదో లేదో చెవియే తేల్చవలెను. ఆ పనిని కంటికి అప్పగించిన యంత్రము 1936లో అమెరికాలోని ఎల్క్‌హార్టునుండి వెలువడెను. తూర్యములు, శాక్సఫోనులు చేయుటలో ప్రసిద్ధికెక్కిన సి. జి. కాన్ సంస్థ దానికి స్ట్రోబోకాన్ అని పేరుపెట్టెను. దీనిలో స్వరస్థానమునకు ఒకటిచొప్పున పండ్రెండు చక్రములు. ఒక్కొక్క చక్రముపై వలయములు వలయములుగా నలుపుతెలుపు గడులు. వాని నన్నిటిని శ్రుతిదండముచే నియమింపబడిన మోటారు మార్పులేని వేగముతో త్రిప్పుచుండును. మైకుముందు వాద్యమును మ్రోగించినచో, ఆ నాదము కంపించినన్ని మారులు చక్రముల వెనుకనున్న దీపము మిణుకును. దీపపు మిణుకును చక్రపు తిరుగుడును సరిగా పొసగినపుడు, తిరుగుచున్న గడులు కదలక నిలిచినట్లు కనబడును. స్వరము హెచ్చినచో గడులు ఒకవైపునకు పారును; తగ్గినచో రెండవవైపునకు పారును; భేదము ఎంత స్వల్పమైనచో అంత మెల్లగా పారును. సూక్ష్మతలో దీనిని మించిన సాధనము తరువాతి ముప్పదియేండ్లలో రాలేదనియే చెప్పవచ్చును. కాని అది వాల్వులతో నిండిన బరువైన యంత్రము. పియానో సవరించువారికి, బ్యాండు పాఠశాలలకు, వాద్యములు చేయు కర్మాగారములకు ఉపకరించెనేగాని, ఊరూర తిరిగి వాయించు గిటారు కళాకారుని దరికి రాలేదు. 1967లో చికాగో ప్రాంతమందలి పీటర్సన్ సంస్థ ట్రాన్సిస్టర్లతో నిర్మించిన 400 నమూనా కొంత తేలికయై పెద్ద పెద్ద రాక్ బృందముల వెంట ప్రయాణము చేసెను. అదియు తెర వెనుకనే నిలిచెను. గిటార్లను సిద్ధపరచు సహాయకుడు దానిముందు కూర్చుండి, శ్రుతి చేసిన వాద్యమును వేదికపైకి అందించుచుండెడివాడు. సహాయకుని పోషింపజాలని చిన్నవారు పియానోనో, మౌతార్గానునో, తోటివాని గిటారునో ఆధారము చేసికొని, డ్రమ్ముల మ్రోతలో చెవిని తంత్రికి ఆనించి తంటాలు పడిరి.

1975లో జపానుదేశపు కోర్గ్ సంస్థ డబ్ల్యుటి-10 అను పేర చేతిలో ఇముడు ట్యూనరును విడుదల చేసెను. దాని ముఖముపైనున్న ముల్లు నడిమి గీతపై నిలిచినచో శ్రుతి కుదిరినట్లు. దీనిని రూపొందించిన ఫూమియో మియెదా సింథసైజరుల నిర్మాణములో ఆరితేరిన ఇంజనీరు. 1983లో జపానుదేశపుదే యగు బాస్ సంస్థ తెచ్చిన టియు-12 మరియొక మెట్టు పైకెక్కి, మీటినది ఏ స్వరమో తానే గుర్తించి చూపెను. దీనితో సూక్ష్మతయు చౌకదనమును రెండును చేకూరినవి. అయినను అసలు చిక్కు తీరలేదు. వేదికపై దీపముల వేడికి ఉక్కుతంత్రులు వ్యాకోచించి శ్రుతి దిగజారును. క్రొత్తగా కట్టిన తంత్రి సాగును. 1954 నాటి స్ట్రాటోకాస్టరు మొదలు వాడుకలోనికి వచ్చిన స్ప్రింగు ట్రెమొలో కడ్డీని బలముగా ఊపినచో ఆరు తంత్రులును ఒక్కపెట్టున కలతచెందును. కావున పాటకును పాటకును నడుమ శ్రుతి చూచికొనక తప్పదు. ఆంప్లిఫయరుపైనున్న ముల్లుపెట్టెవైపు తిరిగి, శబ్దము తగ్గించి, వంగి చూచుచు తంత్రిని మీటుచుండగా, సభ ఎదురుచూచుచుండవలసినదే. అమెరికా రాక్ బృందమగు గ్రేట్‌ఫుల్ డెడ్‌వారు పాటల నడుమ తీరికగా శ్రుతులు చేసికొనుటలో కీర్తి గడించిరి. వారి అభిమానులకు మన రసికుల ఓర్పు అబ్బినది కాబోలు. తక్కినవారికి ఆ సౌఖ్యము లేదు.

ఈ స్థితిలో 1998లో బాస్ సంస్థయే టియు-2 అను పెడలును వెలువరించెను. పైకి చూచుటకు అది విశేషమేమియు లేని తెల్లని లోహపు డబ్బా. 1977 నుండి ఆ సంస్థ చిన్న పెడళ్లకు ఉన్న ఆకారమే. అరచేతి వెడల్పునకు కొంచెము తక్కువ. ముందుభాగమున రబ్బరుపలక, దానికి ఎగువన చిన్న కిటికీలో స్వరాక్షరము, దీపముల వరుస. పాదముతో పలకను నొక్కినంతనే గిటారునుండి ఆంప్లిఫయరునకు పోవు మార్గము మూతపడును, సభ నిశ్శబ్దమగును, దీపములు మాత్రము నేలపై వెలుగుచుండును. శ్రుతి చేసికొని మరల నొక్కినచో గిటారు పలుకును. ఇంతియే దాని ప్రజ్ఞ. సూక్ష్మతలో అది 1936 నాటి చక్రములకు దిగుడే. కొలతలో క్రొత్తదనము లేదు. అయినను వేదికలపై దానికి లభించిన స్థానము అంతకుముందు ఏ ట్యూనరునకును లభింపలేదు; దానికి కారణము ఆ నిశ్శబ్దమేయని నా యభిప్రాయము. పెడలును ఎన్నుకొనువారు ఈ సంగతి మరచి, దశాంశబిందువు తరువాత ఎన్ని అంకెలున్నవో లెక్కించుచు కూర్చుండుట చూచినపుడు నాకు వింతగా తోచును.

ఆ అంకెల సంగతి కొంచెము విచారింతము. అర్ధస్వరమును నూరు భాగములు చేసి ఒక్కొక్క భాగమును సెంటు అని వ్యవహరించు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున అలెగ్జాండర్ ఎల్లిస్ అను ఆంగ్లేయ పండితునిది. టియు-2కు తరువాత 2010 ప్రాంతమున వచ్చిన టియు-3 ఒక సెంటువరకు సరిగా చూపును. డేనిష్ సంస్థయగు టిసి ఎలక్ట్రానిక్ అదే కాలమున తెచ్చిన పాలీట్యూన్ అర సెంటువరకు. పీటర్సన్‌వారి స్ట్రోబోస్టాంపు సెంటులో పదియవవంతువరకు. గిటారు మంద్రతంత్రి సెకనుకు 82.41 సార్లు కంపించును. దానిలో ఒక సెంటు భేదమనగా కంపనములో ఇరువదియవ వంతుకంటె తక్కువ. ఒక సెంటు తేడాగల రెండు తంత్రులను కలిపి మ్రోగించినచో, నాదము ఒకసారి ఉబ్బి తగ్గుటకు ఇరువదియొక్క సెకనులు పట్టును. సెంటులో పదియవవంతు భేదమును చెవితో పట్టవలెనన్నచో మూడున్నర నిమిషములు వినవలెను. అప్పటికి పాటయే ముగియును. అదిగాక తంత్రిని గట్టిగా మీటినచో బిగువు పెరిగి తొలిక్షణమున స్వరము కొన్ని సెంట్లు పైకెగసి పిమ్మట దిగును. ఏ ట్యూనరు పెట్టుకొన్నను, శ్రుతి చేయునపుడు వాయించునంత బలముతోనే మీటవలెనని అనుభవజ్ఞులు చెప్పుట అందులకే. స్టూడియోలో ధ్వనిముద్రణకును, మెట్లను సవరించు పనివానికిని పదియవవంతు సెంటు అక్కరకు వచ్చును. వేదికపై వాయించువాడు చూడవలసినది వేరు: మిట్టమధ్యాహ్నపు ఎండలో దీపములు కనబడునా, చీకటిలో అక్షరము తెలియునా, మంద్రతంత్రిని మీటినంతనే స్వరమును పట్టునా, లేక తడబడుచుండునా.

పాలీట్యూన్ చేసిన వింత యేమనగా, ఆరు తంత్రులను ఒక్కసారి మీటినచో ఏ తంత్రి తప్పినదో వేరువేరుగా చూపుట. ఇది అవధానములో పృచ్ఛకులందరును ఒక్కసారి అడిగినను అవధాని విడివిడిగా సమాధానము చెప్పుటవంటిది. వేదికపై ఈ సౌకర్యము చిన్నది కాదు. తప్పిన తంత్రి ఒక్కటే అయినపుడు తక్కిన అయిదింటిని పరీక్షించు శ్రమ తప్పును.

మరియొక సంగతి కలదు. ట్యూనరు ఊరకున్నపుడు దానిగుండా గిటారు నాదము ఎట్లు పోవునన్నది. బాస్ పెడళ్లలో బఫరు అను విద్యుద్వలయము ఎల్లప్పుడును పనిచేయుచుండి నాదమునకు బలమిచ్చును. మరికొన్నిటిలో తీగకు తీగ అతికినట్లు నేరుగా పోవును. రెండవదే శుద్ధమని వాదించువారు కలరు గాని, గిటారు తీగకు మీటరునకు సుమారు నూరు పికోఫారడుల ధారణశక్తి యుండుటచే, తీగ పొడవు పెరిగినకొలది తారధ్వనులు మసకబారును. పొడవైన తీగలు, అనేకమైన పెడళ్లు గలవారికి మొదట ఒక బఫరుండుట మేలు. 1966 నాటి ఫజ్ ఫేస్ వంటి నాదమును గరుకుపరచు పాతకాలపు ఫజ్ పెడళ్లు మాత్రము గిటారుతో నేరుగా కలిసినప్పుడే హాయిగా పలుకును. అట్టివి గలవారు బఫరు ట్యూనరును వాని తరువాత నుంచవలెను.

ట్యూనరు కుదిరినదనినంతమాత్రమున శ్రుతి కుదిరినదనుటకు వీలులేదని మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పెట్టెలు సామాన్యముగా పండ్రెండు స్వరములను సమానముగా పంచిన విభాగమునే చూపును. అందు అంతర గాంధారము స్వయంభూ గాంధారముకంటె సుమారు పదునాలుగు సెంట్లు హెచ్చు. గిటారు మెట్లును ఆ పంపకము ప్రకారమే బిగింపబడినవి గనుక, చెవితో శుద్ధముగా శ్రుతి చేసినవాడు మెట్లతో తగవులాడవలసివచ్చును. అయిదవ, యేడవ మెట్లవద్ద ఉపనాదములను కలిపి శ్రుతి చేయు పాత పద్ధతిలో ఒక్కొక్క జతకు రెండేసి సెంట్లు తగ్గుచు, మూడు జతలు దాటునప్పటికి ఆరు సెంట్ల లోటు ఏర్పడును. ట్యూనర్లు వచ్చినతరువాత ఆ పద్ధతి సన్నగిల్లుటలో ఆశ్చర్యము లేదు. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై, సమానముగా పంచిన ఆ మెట్లమీదనే, గమకములతో కర్ణాటక రాగములను పలికించుట లోకము చూచినది. మెట్టు ఇచ్చు గాంధారము వేరు, వ్రేలు తీసికొను గాంధారము వేరు. ట్యూనరు చూపునది మొదటిదానిని మాత్రమే.

భజన బృందములలోను, లలితసంగీత కార్యక్రమములలోను విద్యుద్గిటారు వాయించు మనవారికి మరియొక చిన్న చిక్కు. గాయకుడు ఒకటి శ్రుతియనియు, అయిదున్నర శ్రుతియనియు హార్మోనియపు మెట్లలెక్కన చెప్పును. పెడలు ఆంగ్లాక్షరములలో చూపును. ఒకటి శ్రుతి ‘సి’ అనియు, ఆరు శ్రుతి ‘ఏ’ అనియు తెలిసినచో తక్కినవి లెక్కకు అందును. హార్మోనియము పాతదై 440కి కొంచెము ఎగువనో దిగువనో పలుకుచున్నచో, టియు-3 ప్రమాణమును 436 మొదలు 445 వరకు జరుపుకొనవచ్చును. పాట మొదలుకాకముందే హార్మోనియమువానిచేత ఆరు శ్రుతిని ఒక్కసారి పట్టించి, దానికి పెడలును సరిచేసికొని, పిమ్మట తంత్రులను చూచికొనుట మంచిది.