స్టోరీ ఎవరిది, హిస్టరీ ఎవరిది?

ఇంగ్లీషులో 'స్టోరీ', 'హిస్టరీ' ఒకే తల్లి బిడ్డలు. లాటిన్ 'హిస్టోరియా' ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో 'స్టోరీ' అయింది. అప్పట్లో దానర్థం నిజంగా జరిగిన సంగతే. కల్పన అన్న అర్థం తర్వాత అంటుకుంది. 17వ శతాబ్దం చివరికొచ్చేసరికి అబద్ధమనీ అయింది. మనవాళ్లు 'కథలు చెప్పకురా' అంటారే, అట్లా. పరువంతా 'హిస్టరీ' పట్టుకుపోయింది.

భవనం అంతస్తునీ ఇంగ్లీషులో 'స్టోరీ' అనే పలుకుతారు. దాని మూలమూ 'హిస్టోరియా'నే అంటారు పండితులు. హిందూ సమాజం మెట్లు లేని అంతస్తుల బురుజని అంబేడ్కర్ 1920లో 'మూక్‌నాయక్' తొలి సంచికలో రాశారు. ఏది చరిత్రో, ఏది ఉత్త కథో చెప్పినవాడి అంతస్తును బట్టే తేలుతున్నదని మా వాదన.

తెలంగాణలో చిందోళ్లు మాదిగల ముందు ఆడే జాంబపురాణాన్నే తీసుకోండి. భూమికన్నా ముందే పుట్టిన జాంబవముని అందులో బ్రాహ్మణుడితో ఎవరు పెద్దని వాదిస్తాడు. దాన్ని జానపదమని పక్కన పెట్టారు. 11వ శతాబ్దపు వేంగీ చాళుక్య శాసనాలు రాజుల్ని చంద్రుడి సంతతి అన్నా ఆధారాలే అయినయి! ఆ వంశావళిని దాటుకొని దానమెవరికిచ్చారు, ఊరేది, పన్నుల సంగతేమిటని చరిత్రకారులు వెతుకుతారు; సబబే. అదే ఓపికతో జాంబపురాణం దగ్గర కూచుంటే తోలుపని గురించీ, ఏ ఊళ్లో ఆడే మిరాశి ఏ చిందు కుటుంబానిదన్న దాని గురించీ అడగాల్సినవి బోలెడున్నయి.