గ్రామ లెక్కలూ, కంప్యూటరు చదువూ

సమాచార వ్యవస్థలు, సాంకేతిక నిర్వహణ అనే పేర్లతో విశ్వవిద్యాలయాలు బోధిస్తున్న చదువు కేవలం యంత్రాలను గూర్చినదేనని మన విద్యార్థులలో వొక అభిప్రాయం పాతుకుపోయింది. యీ అభిప్రాయం సరైనది కాదు. యెవరిని గూర్చి యే వివరం సేకరించాలి, దానిని యెవరు రాయాలి, యెవరు చూడాలి, దాని ఆధారంగా నిర్ణయం చేసే అధికారం యెవరిది? ఆ శాస్త్రం విచారించవలసిన మౌలిక ప్రశ్నలు యివి. యివి కంప్యూటరుతో పుట్టినవి కావు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే యీ సంగతి స్పష్టమవుతుంది.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి నీరు తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా కాలువలో పారింది. నీటి వెంట లెక్క కూడా వచ్చింది. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, పట్టాదారు, సాగుచేసేవాడు: యివన్నీ కరణం అడంగలులో రాసేవాడు. మన పల్లెలకు అది అప్పటి సమాచార వ్యవస్థ. దానిని రూపొందించినది శిస్తు వసూలు చేసుకునే ప్రభుత్వం. కనుక శిస్తుకు కావలసిన వివరాలకే అందులో ప్రాధాన్యం. సాగుదారు పేరుకు గడి లేకపోలేదు. అయితే కౌలుదారు పేరు ఆ గడిలోకి యెక్కితే రేపు అదే హక్కుకు ఆధారమవుతుందని భూస్వామికి తెలుసు. అందుచేత ఆ పేరు యెక్కకుండా చూసుకున్నాడు. పుస్తకం కరణం యింట వుండేది. చదువురాని కౌలుదారుకు అందులో యేమున్నదో తెలిసే దారి లేదు.

1984లో ప్రభుత్వం కరణం పదవిని రద్దుచేసింది. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయాలలోకి కంప్యూటర్లు ప్రవేశించాయి. 2002లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో మండల కేంద్రాలలో ఈ-సేవ కేంద్రాలు తెరిచి, వాటి నిర్వహణను మహిళా స్వయంసహాయక సంఘాలకు అప్పగించారు. దీనిని నేను చిన్నచూపు చూడను. అణా కాగితానికి కార్యాలయాల చుట్టూ తిరిగిన పల్లె మనిషికి, తమలాంటి స్త్రీయే కంప్యూటరు ముందు కూర్చుని కాగితం తీసి యివ్వడం పురోగమనమే. 2011లో మీ-సేవ, 2015లో మీభూమి వచ్చాయి. అడంగలు యెవరైనా చూడదగినది అయింది.

కాని చూడగలగడం వేరు, చేర్పించుకోగలగడం వేరు. 2011లో వచ్చిన చట్టం కౌలురైతుకు గుర్తింపు కార్డు యివ్వాలన్నది. దాని స్థానంలో 2019లో వచ్చిన చట్టం యజమాని సంతకాన్ని షరతుగా పెట్టింది. సంతకం లేకపోతే సాగుచేసేవాడు ప్రభుత్వ లెక్కలో కౌలుదారు కాడు. అప్పు, పంటనష్ట పరిహారం అతని గడప తొక్కడానికి యెంత వేగవంతమైన యంత్రమూ చాలదు. పుస్తకం మారింది, గడిని కాపలా కాసే వర్గం మారలేదు.

కొల్లేరు దీనికి మరింత బలమైన నిదర్శనం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ వున్న యీ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల వరద చేరుతుంది; ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. 1970లలో ప్రభుత్వం మత్స్యకారులకూ, యితర పేదలకూ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకు భూమి కేటాయించింది. ఆశయం మంచిదే. అయితే గట్లు పోయడానికీ, చేపపిల్లలకూ, మేతకూ పెట్టుబడి కావాలి. పెట్టుబడి వున్నవాడు లీజు పేరిట చెరువులో దిగాడు. సంఘం రిజిస్టరులో సభ్యుల పేర్లు అలాగే వున్నాయి. లాభనష్టాల చిట్టా ఆవర్జాలు మరొకరి యింటికి చేరాయి. కాగితం మీద యజమాని అయినవాడు గట్టు మీద కూలీ అయ్యాడు.

1999లో +5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల యెత్తు రేఖ దాకా, 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. యిక్కడ ఆధునిక సమాచార శాస్త్రం శక్తి, పరిమితి రెండూ బయటపడ్డాయి. ఉపగ్రహం తీసిన చిత్రంలో యే చెరువు యెక్కడున్నదో, యెంత విస్తీర్ణమో కనిపిస్తుంది. ఆ చెరువులో డబ్బు యెవరిదో, చెమట యెవరిదో కనిపించదు. గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారు తన డబ్బును మరొక చోటికి మళ్లించగలడు. కూలీకి, చిన్న వాటాదారుకు ఆ వీలు లేదు. సరస్సును రక్షించవలసిందే, దానిలో సందేహం లేదు. అయితే లీజుదారును కనిపెట్టలేని లెక్కతో సాగిన రక్షణ భారం పేదవాని నెత్తిన పడటంలో ఆశ్చర్యమేమున్నది?

యిక చదువు విషయానికి వద్దాం. 1945లో ఏలూరులో సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల ఏర్పడింది. అర్థశాస్త్రాన్ని తెలుగులో రాసిన పండితుని పేరు అది. 1989లో అదే పేరున ఇంజనీరింగు కళాశాల, 2001లో తాడేపల్లిగూడెం వద్ద శ్రీ వాసవి ఇంజనీరింగు కళాశాల వచ్చాయి. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఆ వాసవి కళాశాల ఆవరణలోనే తాత్కాలికంగా ప్రారంభమై, తరువాత రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయ స్థలంలో తన భవనాలు కట్టుకున్నది. విశ్వవిద్యాలయ విద్య యింటి ముందుకు వచ్చింది. యింటి సమస్య విద్యలోకి వచ్చిందా?

రాలేదనే నా అభిప్రాయం. దీనికి కారణం యీ శాస్త్రం పుట్టుకలోనే వున్నది. 1960ల చివర అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయం వంటి చోట్ల, సంస్థల యాజమాన్యానికి కావలసిన సమాచారాన్ని సమకూర్చే విద్యగా యిది రూపుదిద్దుకున్నది. యాజమాన్యం అడిగిన ప్రశ్నలే శాస్త్రం ప్రశ్నలయ్యాయి. యింకొక మార్గం లేకపోలేదు. 1970ల ఆరంభంలో నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టెన్ నైగార్డ్ అక్కడి ఇనుము, లోహ కార్మికుల యూనియనుతో కలిసి పనిచేశాడు. కర్మాగారంలో ప్రవేశించే కంప్యూటరును కార్మికులు తామే అధ్యయనం చేసి, దానిపై తమ షరతులు చెప్పగలగాలన్నది ఆ కృషి లక్ష్యం. యంత్రం అదే, ప్రశ్న అడిగినవాడు మారాడు.

ఉద్యోగం కోసం చదవడం నేరమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. కాదు. కౌలురైతు బిడ్డ హైదరాబాదులోనో బెంగుళూరులోనో జీతం తెచ్చుకుంటే ఆ కుటుంబం అప్పు తీరుతుంది. దానిని యెగతాళి చేసే హక్కు యెవరికీ లేదు. నేననేది ఒక్కటే: దూరదేశపు బ్యాంకు ఖాతాలను చక్కదిద్దగల తెలివి, తన తండ్రి పేరు అడంగలులో యెందుకు లేదో అడగలేకపోవడం విద్యలోని లోపం, విద్యార్థిలోని లోపం కాదు.

కాబట్టి మన ఉపాధ్యాయులు చేయదగిన పని దగ్గరలోనే వున్నది. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు వొక గ్రామం అడంగలును, వొక చేపల సంఘం రిజిస్టరును తీసుకోండి. రికార్డులో వున్న పేర్లను, పొలంలోనూ గట్టుమీదా వున్న మనుషులతో సరిపోల్చండి. తేడాను తెలుగులో రాసి, ఆ గ్రామసభలోనే చదివి వినిపించండి. గడి యెవరు గీస్తున్నారో ప్రజలకు తెలిసిననాడు, దానిని తిరగగీయవలసిందేనన్న కోరిక వారిలోనే పుడుతుంది.