పీఎంకే1 (అగ్గి తెగులు ఎంజైము)

పీఎంకే1 అనునది వరిలో అగ్గి తెగులును కలిగించే మాగ్నపోర్తే ఒరైజే అను శిలీంద్రంలోని ఒక సంకేత ఎంజైము. ఇది మ్యాప్ కైనేజుల కుటుంబానికి చెందినది. కైనేజులు ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటును చేర్చి వాటి పనితీరును మారుస్తాయి. ఈ విధంగా బయటి సమాచారం కణంలోని కేంద్రకం వరకు చేరుతుంది.

తెగులు

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో చెరువులు, బావుల క్రింద వరి సాగవుతుంది. చల్లని రాత్రులు, మంచు, అధిక నత్రజని ఈ తెగులుకు అనుకూలం. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు ఏర్పడతాయి. వెన్ను మెడకు సోకితే దానిని మెడవిరుపు అంటారు. అప్పుడు గింజలు తాలుగా మారతాయి.

ఎంజైము పాత్ర

తడి ఆకుపై మొలకెత్తిన సిద్ధబీజం, ఆకు పైపొర గట్టిదనాన్ని గుర్తిస్తుంది. ఆ సంకేతం పీఎంకే1 ద్వారా అందగా, మొలక కొన గుమ్మటం వంటి అప్రెస్సోరియంగా మారుతుంది. దీనిలోని పీడనం వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్ల వరకు పెరిగి, ఆకు పొరను ఛేదిస్తుంది.

1996లో సూ, హ్యామర్ అను శాస్త్రవేత్తలు ఈ జన్యువును తొలగించగా అప్రెస్సోరియం ఏర్పడలేదు. గాయపరచిన ఆకులో సైతం శిలీంద్రం పెరగలేదు. 2018లో ప్రచురితమైన పరిశోధనలో, ఆకులో ప్రవేశించిన తరువాత ఈ ఎంజైమును అడ్డగించగా శిలీంద్రం తొలి కణంలోనే చిక్కుకొనిపోయింది. అనగా ప్రవేశానికే గాక వ్యాప్తికి కూడా పీఎంకే1 అవసరం.

నివారణ

ట్రైసైక్లజోల్ మందు అడ్డుకొనేది ఈ ఎంజైమును కాదు, అప్రెస్సోరియం గోడకు కావలసిన మెలనిన్ తయారీని. మ్యాప్ కైనేజులు వరిలోను, మానవులలోను ఉన్నందున, శిలీంద్రపు ఎంజైమును మాత్రమే ఆపే మందును రూపొందించడం కష్టసాధ్యం. కనుక తెగులును తట్టుకొనే నెల్లూరు మసూరి వంటి రకాలు, మితమైన నత్రజని వాడకం రైతుకు ముఖ్య రక్షణలు.