ఇల్లందు పళ్లెంలో అన్నం కథ

తెలంగాణలోని ఇల్లందు చుట్టుపక్కల వరి అన్నం మూడు పూటల తిండి కావడం మరీ పాత సంగతి కాదు. కోయగూడేల్లో, లంబాడా తండాల్లో, మెట్ట పల్లెల్లో తాతల కాలం దాకా జొన్నలదే పెద్దపీట. గూడెంలో జావ, ఊళ్లో గట్క, తండాలో రొట్టె. పోడు చేలల్లో సామలు, కొర్రలు పండేవి. అడవి నుంచి ఇప్పపువ్వు, తునికి పండ్లు, వెదురు కొమ్ములు, దుంపలు వచ్చేవి. వరి అన్నం పండక్కో, పెళ్లికో, చుట్టం వచ్చిన రోజుకో వండేవారు. అన్నం తగ్గించి బరువు తగ్గాలని ఇవాళ తాపత్రయపడుతున్న మనం ముందు ఆ అన్నం పళ్లెంలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

పాత తిండిలో పిండిపదార్థం తక్కువేమీ కాదు. జొన్నలోనూ ముప్పాతిక వంతు దాకా పిండిపదార్థమే. తిన్నదంతా చేలో, అడవిలో కరిగిపోయేది. పైగా వానాకాలం కరువు నెలల్లో సగం కడుపే దిక్కు. ఆ పేదరికాన్ని ఇప్పుడు ఆరోగ్యమని పొగడలేం. కూనూరులో 1918లో మొదలైన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో జొన్న తప్ప మరొకటి ఎరగని పేదల్లో పెల్లాగ్రా జబ్బును గుర్తించింది. పప్పు, పాలు, కూర లేని ఒంటి ధాన్యం ఏదైనా మనిషిని నిలబెట్టదు. అది వరికీ వర్తిస్తుంది.

ఇక్కడి పళ్లెంలోకి అన్నం రావడం బొగ్గుతో మొదలైంది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గుట్టగా పేరుపడిన ఈ ఊరే సింగరేణి గనులకు పుట్టిల్లు. బొగ్గు బాయిలో దిగిన కార్మికుడు తట్ట, చెమ్మస్ అనే పార పట్టుకుని టన్నుల కొద్దీ బొగ్గు ఎత్తేవాడు. అలాంటి ఒంటికి ఎంత అన్నమైనా చాలేది కాదు. నెల జీతం చేతికొచ్చే ఇంట్లో బియ్యం కొనగలగడం గౌరవం కూడా. ఆ కష్టానికి పళ్లెంలో ఆ అన్నం కుప్ప తగిందే.

తర్వాత బియ్యం అందరికీ అందింది. 1960ల చివర్లో ఐఆర్-8 వంటి పొట్టి వంగడాలు తెలుగు నేల మీద దిగుబడులు పెంచాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఆకలి నెలలను చాలా ఇళ్లకు దూరం చేసిన గొప్ప పథకమది. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి మనిషికి ఆరు కిలోలు రూపాయికి కిలో చొప్పున ఇచ్చారు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. మరోవైపు బాయిలో యంత్రాలు దిగాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. తట్టా చెమ్మస్ పోయి, మీటలు తిప్పే పని వచ్చింది. గూడేనికి ఆటో, ఇంటింటికీ బైకు, టీవీ, ఫోను వచ్చాయి. కష్టం తగ్గింది కానీ కుప్ప తగ్గలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణ స్త్రీలలో, పురుషులలో నూటికి ముప్పై మందికి పైగా అధిక బరువున్నవారే.

అన్నం తగ్గించే ఆలోచన కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం స్థూలకాయులకు యవలు, కొర్రలు, ఆరికలు, జొన్నలు, పెసలు, ఉలవలు సూచించింది. 1862లో విలియం బాంటింగ్ అనే లండన్ వ్యాపారి వైద్యుడు విలియం హార్వే మాట విని రొట్టె, చక్కెర, బీరు, బంగాళదుంపలు మానేశాడు. ఏడాదిలో ఇరవై కిలోలకు పైగా తగ్గి, 1863లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చేయించాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ మూర్ఛ రోగులకు కొవ్వు ఎక్కువ, పిండి అతి తక్కువ ఉన్న కీటో ఆహారాన్ని ప్రతిపాదించాడు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం ఆ దారిని లక్షల ఇళ్లకు చేర్చింది.

తెలుగు ఇళ్లలోకి ఆ గాలి 2017–18లో ఆహార ప్రచారకుడు వీరమాచనేని రామకృష్ణ ప్రసంగాలతో బలంగా వీచింది. ఆయన చెప్పింది కొబ్బరి నూనె, నెయ్యి, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు. అన్నం, రొట్టె, పండ్లు బంద్. అంతకు ముందే ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణ రాజు ఉప్పూ నూనే లేని ప్రకృతి ఆహారం చెప్పారు. మరోవైపు ఖాదర్ వలి చిరుధాన్యాలను ముందుకు తెచ్చారు. మూడు దారులూ వేరైనా మూడింటిలోనూ తగ్గింది తెల్లన్నం, చక్కెర, మైదానే. ఆ దారుల్లో నడిచి తొలి నెలల్లో సన్నబడ్డవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

మొదటి వారాల్లో పడే కిలోలన్నీ కొవ్వు కావు. పిండిపదార్థం ఆపగానే కాలేయంలో, కండరాల్లో దాచిన గ్లైకోజెన్ అనే నిల్వ ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీరు పోతుంది. ఆ తర్వాత తగ్గేది ఎక్కువగా కొవ్వు. గుడ్డు, పప్పు, మాంసం తింటే ఆకలి త్వరగా తీరుతుంది, అందుకే తిండి మొత్తం తగ్గుతుంది. అయితే 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిపై ఏడాది పాటు చేసిన పరీక్షలో పిండి తగ్గించిన గుంపు సగటున ఆరు కిలోలు, కొవ్వు తగ్గించిన గుంపు అయిదు కిలోల పైచిలుకు తగ్గాయి. ఆ తేడా లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు. ఏ దారిలోనైనా ఎంత కాలం నిలిచామన్నదే ముఖ్యం.

తగ్గిన బరువు తిరిగి రావడానికి మనసు బలహీనత ఒక్కటే కారణం కాదు. సన్నబడ్డ ఒళ్లు తక్కువ శక్తి ఖర్చు పెడుతుంది, ఆకలి హార్మోన్లు ఎక్కువవుతాయి. ఆ హార్మోన్ల మార్పు ఏడాది దాటినా పోదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో చేరినవారు పదమూడు కిలోలకు పైగా తగ్గి ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవారు. వాళ్లలో ఎక్కువ మంది రోజూ గంటసేపు నడకలాంటి శ్రమ చేస్తారు, తరచూ బరువు చూసుకుంటారు, పండగైనా పని దినమైనా తిండి తీరు మార్చరు. బాంటింగ్ కూడా తగ్గాక పాత తిండికి పోలేదు. 1878లో ఎనభై ఒక్కేళ్ల వయసులో కన్నుమూశాడు.

మన దేశంలో తిండి ఇచ్చే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని 2025లో ఐసీఎంఆర్–ఇండియాబ్ పరిశోధన తేల్చింది. తెల్లన్నం బదులు గోధుమ పిండి, చిరుధాన్యాల పిండి అంతే మోతాదులో తింటే మధుమేహ ముప్పు తగ్గదనీ, ఆ చోట పప్పు, పాలు వంటి మాంసకృత్తులు చేరితేనే తగ్గుతుందనీ అది చెప్పింది. నా నమ్మకమూ అదే. నెయ్యి గిన్నెలూ కొబ్బరి నూనే లేకుండా రోజూ చేయదగిన పని ఉంది: రెండో విడత అన్నం మానడం, ఆ చోట పెసరపప్పు, ఉలవచారు, గుడ్డు, చేప, తోటకూర, సల్ల చేర్చడం, వారంలో కొన్ని పూటలు కొలిచి జొన్నరొట్టె. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు, కిడ్నీ జబ్బున్నవారు, గర్భిణులు డాక్టరును అడక్కుండా అన్నం ఒక్కసారిగా మానొద్దు. షుగరు మరీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

ఇది ఒక్క మనిషి పట్టుదలకే వదిలితే నిలవదు. ఇంట్లో నలుగురికి ఒక వంట, ఒకరికి వేరే వంట ఎన్నాళ్లు సాగుతుంది? రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు కందిపప్పు, జొన్నలు ఇవ్వాలి. గురుకుల హాస్టళ్లలో, బొగ్గు బాయి క్యాంటీన్లలో పప్పు, గుడ్డు, కూర పాళ్లు పెరగాలి. ఆకలి తీర్చడానికి బియ్యం ఇచ్చిన ప్రభుత్వాలకు ఆ శక్తి ఉంది. బియ్యం బువ్వ కడుపు నింపి ఒక తరాన్ని కాపాడింది. పప్పు, కూర, గుడ్డు పళ్లెంలో సగం ఆక్రమిస్తే వచ్చే తరం నడుం కొలతా నిలుస్తుంది.