లోహాల అలసట

ఒక్కసారి మోపితే లోహాన్ని ఏమీ చేయలేని బరువు, లక్షలసార్లు పడుతూ లేస్తూ ఉంటే దాన్ని విరిచేస్తుంది. ఇదే లోహాల అలసట. ఇంజనీర్ల వాడుకలో ఫెటీగ్.

1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. కుదుపులకు ఇనుము స్ఫటికంగా మారి పెళుసెక్కుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అది పొరపాటు. ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో బరువు కింద ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించాడు. ఒత్తిడి తగ్గేకొద్దీ లోహం ఆయుష్షు పెరుగుతుందనీ, ఉక్కు విషయంలో ఒక హద్దుకు దిగువన అది దాదాపు విరగదనీ తేల్చాడు. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు. విమానాలకు చిక్కు అక్కడే.

1903లో ఈవింగ్, హంఫ్రీ అనే పరిశోధకులు సూక్ష్మదర్శినిలో అసలు సంగతి చూశారు. స్ఫటిక రేణువుల్లో పొరలు జారి, ఉపరితలంపై సన్నని గీతలు ఏర్పడి, క్రమంగా పగుళ్లవుతున్నాయి. విరిగిన ముక్క మీద పగులు పాకిన జాడలు అలల చారల్లా మిగులుతాయి. నిపుణులు వాటిని బట్టే కారణం చెబుతారు.

1954లో రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా సముద్రంలో కూలాయి. కారణం తేల్చడానికి ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో మరో కామెట్‌ను నీటి తొట్టిలో ఉంచి, లోపలి ఒత్తిడిని పదేపదే పెంచి తగ్గించగా విమానం గోడ చీలిపోయింది. ప్రయాణికుల చతురస్రపు కిటికీలదే తప్పని ఇప్పటికీ చెబుతుంటారు. కానీ ఆ రెండింటిలో ఎల్బా దీవి దగ్గర కూలిన విమానంలో చీలిక మొదలైంది పైకప్పులోని యాంటెన్నా కిటికీ మూలన.